ఆరు గంటల వ్యవధి

మా తమ్ముడికి ఒక అలవాటు ఉంది. ఫజ్ర్ నమాజు ముగించుకొని వచ్చి వరండాలో కూర్చుంటాడు. కుడి అరచేతితో కుడి కన్ను మూసుకొని, దినపత్రికలోని పెద్ద శీర్షికలను ఎడమ కంటితో చదువుతాడు. అవి చదవగలిగితే ఆ రోజుకు నిశ్చింత. చిన్న అక్షరాల జోలికి ఆ కన్ను పోదు. 2022 ఆగస్టు నడుమ ఒక ఉదయం అలా చదువుతూ ఆగిపోయాడు. చెయ్యి తీసేసి, రెండు కళ్లతోనూ ఆ వార్తను మొదటి నుంచి చివరి దాకా చదివాడు. తర్వాత పత్రికను మా ముందుకు జరిపి, "ఇది మన కందిలో జరిగిన పనే" అన్నాడు.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ శాస్త్రవేత్తలు కలిసి మనిషి కార్నియాను త్రీడీ ముద్రణ పద్ధతిలో తయారుచేసి, ఒక కుందేలు కంటికి అమర్చారని ఆ వార్త. నేత్ర వైద్య సంస్థ నుంచి సయన్ బసు, వివేక్ సింగ్, ఐఐటీ నుంచి ఫల్గుణి పాటి ఆ పనికి ముందుండి నడిచారు. ఐఐటీ పేరులో హైదరాబాద్ ఉన్నదే గాని, అది నెలకొన్నది మా సంగారెడ్డి పక్కన కందిలో. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డికి ముంబయి రహదారి మీద బస్సులో పోయే ప్రతిసారీ ఆ ద్వారాన్ని దాటిపోతూనే ఉంటాము. లోపల ఏం చేస్తారో ఏనాడూ ఆలోచించలేదు.

ఆ వార్త చివరలో ఒక మాట ఉంది. యుద్ధంలో కంటికి గాయమై కార్నియాకు రంధ్రం పడితే, గాయపడిన చోటనే దానిని మూసివేసి, చీము పట్టకుండా కాపాడటానికి ఈ ముద్రిత కార్నియా సైనికులకు ఉపయోగపడవచ్చునని శాస్త్రవేత్తలు ఆశిస్తున్నారు. పెద్ద కంటి ఆస్పత్రి లేని మారుమూల ప్రాంతాలకూ ఇదే వర్తిస్తుందట. తమ్ముడు ఆ వాక్యం మీద వేలు పెట్టి, "సైనికుడికి ఇవ్వనీయండి, మంచిదే. పాశమైలారం గేటు దగ్గర కూడా ఒకటి పెట్టమనండి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, మాలో ఎవరికీ నవ్వు రాలేదు.

యుద్ధం అనేది మా ప్రాంతానికి దూరపు మాట కాదు. సంగారెడ్డికి దగ్గరలోని ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం ఉంది. 1984లో దానికి శంకుస్థాపన జరిగింది. పదాతి దళాన్ని మోసుకుపోయే 'సారథ్' పోరాట వాహనాలు అక్కడే తయారవుతాయి. మా మామూ అందులో మూడు దశాబ్దాలు ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ పొందారు. జనవరి 26న ఢిల్లీ కవాతులో ఆ వాహనం కనబడితే చాలు, చేతిలోని చాయ్ కప్పు పక్కన పెట్టి లేచి నిలబడతారు. ఆనాటి వార్తను ఆయనకూ చదివి వినిపించాము. కాసేపు మౌనంగా ఉండి, "బండికి ఎంత మందం ఉక్కయినా తొడగగలిగాం. లోపల కూర్చునేవాడి కంటికి ఏం తొడుగుతాం?" అన్నారు. కార్నియా మందం సుమారు అర మిల్లీమీటరు. మనిషికీ వెలుగుకూ మధ్య ఉన్నది అంతే.

తమ్ముడి కన్ను యుద్ధంలో పోలేదు. 2017 వేసవిలో, రాత్రి షిఫ్టులో, ఒక రసాయన కర్మాగారంలో పోయింది. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం మా ఉద్దేశం కాదు. గొట్టాల అతుకు దగ్గర బిగింపు వదులై కాస్టిక్ సోడా ద్రావణం ముఖం మీదకు చిమ్మింది. కళ్లద్దాలు తనిఖీ అధికారులు వచ్చే రోజున పంచి, సాయంత్రానికి తిరిగి తీసుకునేవారు. కళ్లు కడుక్కోవడానికి గోడకు ఒక కుళాయి ఉండేది, అందులో నీళ్లు లేవు. తోటి కార్మికులు తమ తాగునీటి సీసాలు ఒక్కొక్కటే తెచ్చి కుమ్మరించారు. ఆ సీసాలు పోగయ్యేలోపు పది నిమిషాలు గడిచిపోయాయి. వాళ్లలో ఇద్దరు బీహార్ నుంచి వచ్చిన పిల్లలు. ఒక ఒడిశా కార్మికుడు తమ్ముడి తలను తన ఒడిలో పెట్టుకొని ఆస్పత్రి దాకా వచ్చాడు. తర్వాత అతని జాడ మాకు దొరకలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి, ఇంట్లో చిన్న పిల్లలున్న పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. ఆమ్లం కంటిలో పడితే అది పైపొరలోని మాంసకృత్తులను గడ్డకట్టించి, తన దారిని కొంతవరకు తానే మూసుకుంటుంది. క్షారం అలా కాదు. కొవ్వును సబ్బులా కరిగించుకుంటూ లోపలికి దిగిపోతుంది. కాస్టిక్ సోడా క్షారమే, పాన్‌లో వేసుకునే సున్నమూ క్షారమే. సున్నం పొట్లాన్ని నొక్కి ఆడుకుంటూ కళ్లు పోగొట్టుకునే పిల్లలు మన దేశంలో ఎందరో ఉన్నారు. అలాంటిది జరిగితే ఆటో కోసం పరుగెత్తకండి. ముందు కనీసం అరగంట శుభ్రమైన నీళ్లతో కన్ను కడుగుతూ ఉండండి, ఆ తర్వాతే ఆస్పత్రి. ఆ మొదటి పది నిమిషాల నీళ్లు ఆ తర్వాతి పదేళ్ల వైద్యం కంటె విలువైనవని మాకు ఆలస్యంగా తెలిసింది.

నల్లగుడ్డు చుట్టూ, తెల్లగుడ్డుతో అది కలిసే అంచున, ఒక సన్నని వలయం ఉంటుంది. కార్నియా పైపొర అరిగిపోతున్న కొద్దీ దానిని కొత్తగా పుట్టించే మూలకణాలు నివసించేది అక్కడే. తమ్ముడి ఎడమ కంటిలో ఆ వలయం మొత్తం కాలిపోయింది. అవి లేకపోతే తెల్లగుడ్డు చర్మమూ రక్తనాళాలూ కార్నియా మీదకు పాకి, కిటికీని పరదాలా కప్పేస్తాయి. అటువంటి కంటికి ఎంత మంచి కార్నియాను తెచ్చి కుట్టినా నిలవదు. ముందు వలయాన్ని బతికించాలి. అందుకు ఒక సులువైన పద్ధతిని హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ సంస్థలోనే డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్, ఆయన సహచరులు రూపొందించి 2012లో ప్రకటించారు. బాగున్న కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, దానిని ఎనిమిది పది తునకలుగా కత్తిరించి, దెబ్బతిన్న కంటి మీద పరిచిన ఒక పలుచని పొరపై జిగురుతో అంటిస్తారు. ప్రయోగశాలలో కణాలను పెంచవలసిన ఖర్చు లేదు. కన్నే పొలం, తునకలే నారు. నేడు ఎన్నో దేశాల్లో ఈ పద్ధతిని అనుసరిస్తున్నారు.

తమ్ముడికి నగరంలోని ఒక కంటి ఆస్పత్రిలో 2018లో ఆ చికిత్స జరిగింది. కంటి మీద పరిచిన ఆ పలుచని పొర ఏమిటని అడిగితే డాక్టరమ్మ చెప్పింది: కాన్పు సమయంలో మాయతో పాటు వచ్చే ఉమ్మనీటి సంచి పొర. ఆపరేషన్‌తో బిడ్డను కన్న తల్లులు సమ్మతించి ఇస్తే, పరీక్షించి భద్రపరుస్తారు. మరుసటి సంవత్సరం, వలయం నిలదొక్కుకున్నాక, మచ్చపడిన కార్నియాను తొలగించి దాని స్థానంలో మరొకరి కార్నియాను అమర్చారు. ఎవరిదని అడిగాము. చెప్పరు, అది నియమం. ఆడమనిషో మగమనిషో, ఏ మతమో, ఏ ఊరో తెలియదు. ఎవరో ఒకరు మరణించారు, ఆ ఇంటివాళ్లు ఏడుస్తూనే ఫోన్ చేశారు అన్నది మాత్రం నిశ్చయం.

ఆ విధంగా మా తమ్ముడి ఒక్క కంటిలో తన సొంత కుడి కంటి తునకలు, ఎవరో తల్లి పేగుబంధపు పొర, ఎవరో మృతుని కార్నియా కలిసి కాపురం చేస్తున్నాయి. అమ్మీ ఆ కంటికి విడిగా దుఆ చేస్తుంది. "ఆ ఇచ్చినవాళ్లను కరుణించు ప్రభూ" అంటుంది. వాళ్ల పేర్లు తెలియవు కనుక వేలు తన కొడుకు కంటివైపు చూపిస్తుంది.

అప్పటి నుంచి ఈ విషయం మీద దొరికిందల్లా చదవడం మాకు అలవాటైంది. చదువుతున్న కొద్దీ ఒకటి స్పష్టమైంది. శరీరపు చీలికలను తిరిగి అతికే విద్యలో చాలాభాగం యుద్ధాలే నేర్పాయి. మనవాళ్లకు చిరపరిచితమైన ఉదంతం అర్ఫజా బిన్ అస్అద్ (రజి) గారిది. అజ్ఞాన కాలంలో కులాబ్ యుద్ధంలో ఆయన ముక్కు పోయింది. వెండి ముక్కు చేయించి పెట్టుకుంటే అది దుర్గంధం పట్టింది. అప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (స) బంగారు ముక్కు చేయించుకోమని ఆయనకు చెప్పారు. అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాలలో ఇది ఉంది. పురుషులకు బంగారం నిషిద్ధమైన ధర్మంలో ఒక యోధుని ముఖం కోసం ఆ అనుమతి లభించడం ఎన్నిసార్లు చదివినా మనసును ఆపేస్తుంది.

మరో ముక్కు కథ మన దక్కనుదే. మా ఇంటి ముందుగదిలో టిప్పు సుల్తాన్ చిత్రపటం ఉంది, అందువల్ల ఈ కథ చదవడం మాకు సుఖంగా లేదు. 1792 నాటి యుద్ధంలో ఆంగ్లేయుల సైన్యంలో ఎడ్లబండి తోలిన కావాస్‌జీ అనే మహారాష్ట్రుడు టిప్పు సేనకు బందీగా చిక్కాడు. ముక్కునూ ఒక చేతినీ కోసి పంపారు. ఏడాది తర్వాత పూనా ప్రాంతంలో ఒక సంప్రదాయ వైద్యుడు అతని నుదుటి చర్మాన్ని మడిచి దింపి కొత్త ముక్కు చేశాడు. 1794లో లండన్ పత్రికలో బొమ్మతో సహా అది అచ్చయింది. దాన్ని చదివి ఇరవై ఏళ్లు ఆలోచించిన కార్ప్యూ అనే శస్త్రవైద్యుడు 1814లో లండన్‌లో అదే పని చేశాడు. కోసినవాళ్లు మనవాళ్లే, అతికినవాళ్లూ ఈ నేలవాళ్లే. చిత్రపటాన్ని మేము తీసేయలేదు. కావాస్‌జీ పేరును కూడా మరచిపోలేదు.

సొంత చర్మం అతుక్కుంటుంది. పరాయి చర్మం ఎందుకు అతుక్కోదు? ఈ ప్రశ్నను సూటిగా పట్టుకున్నదీ యుద్ధ కాలమే. 1940లో ఆక్స్‌ఫర్డ్‌లో పీటర్ మెడవార్ అనే యువ జంతుశాస్త్రవేత్త ఇంటికి దగ్గరలో ఒక యుద్ధ విమానం కూలింది. ఒళ్లంతా కాలిన విమాన చోదకునికి ఏం చేయవచ్చునని వైద్యులు ఆయనను అడిగారు. ఆ తర్వాత ఆయన గ్లాస్గో ఆస్పత్రిలో థామస్ గిబ్సన్ అనే శస్త్రవైద్యునితో కలిసి కాలిన ఒక రోగికి పరాయి చర్మం అతికించి, పరీక్షించి చూశారు. మొదటిసారి అతికించినది కొన్నాళ్లకు రాలిపోయింది. అదే మనిషి నుంచి రెండోసారి తెచ్చి అతికిస్తే మరింత వేగంగా రాలింది. అంటే శరీరం పరాయిని గుర్తుపెట్టుకుంటున్నది. 1943లో వెలువడిన ఆ పరిశీలనే అవయవ మార్పిడి శాస్త్రానికి పునాది అయింది. 1960లో మెడవార్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. కార్నియాకు మాత్రం ఈ శత్రుత్వం తక్కువ. అందులో రక్తనాళాలు లేవు, ప్రాణవాయువును గాలి నుంచి, కన్నీటి నుంచి తీసుకుంటుంది. శరీరపు కాపలాదారులు ఆ వీధికి అరుదుగా వస్తారు. 1905లోనే ఎడ్వర్డ్ జిర్మ్ అనే వైద్యుడు కార్నియా మార్పిడిలో మొదటిసారి విజయం సాధించగలగడానికి అదే కారణం. ఆనాటి రోగి కూడా సున్నంతో కళ్లు కాల్చుకున్న ఒక శ్రామికుడేనని చదివినప్పుడు, తమ్ముడు ఆ పుట మడిచి పెట్టుకున్నాడు.

అమ్మీ కంటిలోని శుక్లం తీసి అమర్చిన లెన్సుకూ యుద్ధంతో చుట్టరికం ఉన్నది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కిటికీ పలకలు పగిలి వాటి తునకలు చోదకుల కళ్లలో దిగబడ్డాయి. ఆ ప్లాస్టిక్‌ను కన్ను సహించడం గమనించి హెరాల్డ్ రిడ్లీ 1949లో లండన్‌లో మొదటి లెన్సును కంటిలో అమర్చారు. ఈ సంగతి చెబితే అమ్మీ అద్దంలో తన కన్నును చూసుకొని, "నా కంట్లో విమానం ముక్కా!" అని ఆశ్చర్యపోయింది.

ఇంకొక ఉదంతం తమ్ముడికి ప్రాణప్రదం. కాందహార్‌కు చెందిన అఫ్గాన్ సైనికాధికారి అబ్దుల్ రహీమ్ బాంబులను నిర్వీర్యం చేస్తూ రెండు చేతులూ పోగొట్టుకున్నాడు. 2015లో కొచ్చిలోని అమృత ఆస్పత్రిలో డాక్టర్ సుబ్రమణ్య అయ్యర్ బృందం అతనికి రెండు చేతులను అతికించింది. ఆ చేతులు ప్రమాదంలో మెదడు నిర్జీవమైన ఒక మలయాళీ గృహస్థునివి, క్రైస్తవుడు. చర్మం, ఎముక, కండరం, నరం, రక్తనాళం అన్నీ కలిసిన చేతిని శరీరం అంత తేలిగ్గా ఒప్పుకోదు, జీవితాంతం మందులు మింగాలి. అయినా తమ్ముడు ఆ ఫొటోను ఫోన్‌లో దాచుకున్నాడు. ఆ చేతులు దుఆ కోసం లేచినప్పుడు ఎవరివి అవుతాయని ఒకసారి అడిగాడు. మాకు జవాబు తోచలేదు.

ఇంత చదివినవాళ్లం, ఇంత పొందినవాళ్లం. ఇప్పుడు అసలు చెప్పవలసింది చెబుతాము.

2023 డిసెంబరులో ఒక రాత్రి, తహజ్జుద్ వేళకు కొంచెం ముందు, అబ్బా మా చేతుల్లోనే కన్నుమూశారు. వయసు డెబ్బై మూడు. గుండెపోటు. కలిమా పలికిస్తూ ఉన్నాము, ఆయన పెదవులు కదిలాయి. తమ్ముడే కనురెప్పలు మూశాడు. మూసిన చేతిని చాలాసేపు అక్కడి నుంచి తీయలేదు.

గంట తర్వాత వాడు మమ్మల్ని పెరట్లోకి పిలిచాడు. "ఆరు గంటల లోపు తీయాలి. ఫోన్ చేద్దామా?" అన్నాడు. సరేనని మేము అనలేదు. వద్దనీ అనలేదు. "మామూను అడుగుదాం" అన్నాము. ఆ మాట వెనుక మా పిరికితనం దాగుకొని ఉందని అప్పుడే మాకు తెలుసు.

మామూ వచ్చేసరికి అయిదు కావస్తున్నది. విని, తమ్ముడి భుజం మీద చెయ్యి వేశారు. మృతుని ఎముక విరవడం బతికున్నవాని ఎముక విరవడం వంటిదేనన్న ప్రవక్త (స) హెచ్చరికను గుర్తుచేశారు. "మీ అబ్బాకు నొప్పి కలగనీయను, బేటా" అన్నారు. మామూ కఠినుడు కాదు. తమ్ముడి ఆపరేషన్‌కు తన పింఛను డబ్బు ఇచ్చిన మనిషి. కార్నియా తీసేటప్పుడు ఎముక జోలికి పోరని, ముఖం వికారం కాదని, పావుగంట ఇరవై నిమిషాల పని అని తమ్ముడు చెప్పబోయాడు. అంతలో సదాశివపేట నుంచి చాచాలు దిగారు, జహీరాబాద్ నుంచి ఫుప్పీ వచ్చి గుమ్మంలోనే కూలబడింది. ఎవరో ఖబర్‌స్తాన్‌కు మనిషిని పంపారు. ఎవరో కఫన్ గుడ్డకు డబ్బులు అడిగారు. గుసుల్‌కు నీళ్లు కాగుతున్నాయి. తమ్ముడు గోడ గడియారం వైపు చూస్తూ వరండాలో నిలబడ్డాడు. తొమ్మిది దాటింది. వాడు ఇక గడియారాన్ని చూడలేదు. జొహర్ నమాజు తర్వాత జనాజా నమాజు జరిగింది.

ఎవరూ తప్పు చేయలేదు. అలాగని మాకు నిద్ర పట్టిందా అంటే, లేదు. మా ఇంటికి ఒక కన్ను వచ్చింది, మా ఇంటి నుంచి రెండు కళ్లు మట్టిలోకి వెళ్లాయి. మట్టిలోకి వెళ్లడం మన ధర్మమే. కాని ఆ రాత్రి మేము ధర్మాన్ని ఆలోచించి నిర్ణయించలేదు, నిర్ణయించకుండానే ఆరు గంటలు గడిపేశాము.

కొన్ని వారాల తర్వాత జుమా నమాజు అనంతరం ఇమామ్ సాహెబ్ దగ్గర కూర్చున్నాము. మామూను కూడా తీసుకుపోయాము. ఇమామ్ సాహెబ్ తొందరపడలేదు. ఈ విషయంలో ధర్మవేత్తల మధ్య భేదాభిప్రాయం ఉన్నదని ముందే చెప్పారు. 1988లో జెద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, ప్రాణం గాని ఒక ముఖ్యమైన శరీర ధర్మం గాని ఆధారపడి ఉన్నప్పుడు మృతుని నుంచి అవయవం తీసుకోవడాన్ని అనుమతించింది. మృతుడు బతికుండగా సమ్మతించి ఉండాలి, లేదా వారసులు సమ్మతించాలి. అమ్మకం మాత్రం ఎంతమాత్రం కూడదు. మన దేశపు ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1989లో ఇదే విషయం చర్చించి, సొంత శరీర భాగాన్ని అదే శరీరంలో వాడుకోవడాన్నీ, తప్పనిసరి అవసరంలో బతికున్న దాత నుంచి స్వీకరించడాన్నీ షరతులతో ఒప్పుకున్నది. మరణానంతరం అవయవాలు ఇమ్మని చేసే వసియ్యత్‌ను మాత్రం షరీఅత్ దృష్టిలో చెల్లే వసియ్యత్‌గా గుర్తించలేదు. ఉపఖండంలోని హనఫీ పండితులలో పలువురికి ఇప్పటికీ సంకోచమే. మానవ దేహం మనిషి సొత్తు కాదు, అల్లాహ్ అప్పగించిన అమానత్, దాని గౌరవం మరణంతో ముగిసిపోదు అన్నది వారి ఆధారం. అదే అమానత్‌ను మరొక ప్రాణానికి ఆసరాగా చేయడమూ దాని గౌరవంలో భాగమే అన్నది రెండో పక్షం వాదన.

"మరి మేమేం చేయాలి?" అన్నాము. ఆయన మామూ వైపు, తమ్ముడి వైపు చూశారు. ఇద్దరి దగ్గరా ఆధారం ఉన్నదనీ, మీరు నమ్మే ధర్మవేత్తను అడిగి తేల్చుకోండనీ, కాని ఆ పని శవం ముందు నిలబడి చేయవద్దనీ, బతికుండగానే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండనీ అన్నారు. మామూ తిరిగి వచ్చేటప్పుడు దారంతా మాట్లాడలేదు.

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలో సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగింది. మాత్రల తయారీలో వాడే సెల్యులోజ్ పొడి చేసే కర్మాగారం. యాభై మందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఎన్నో దేహాలు గుర్తుపట్టలేని స్థితిలో ఉంటే, బంధువుల రక్త నమూనాలు తీసుకొని డీఎన్ఏ పరీక్షతో పోల్చవలసి వచ్చింది. బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కుటుంబాలు పటాన్‌చెరు ఆస్పత్రి ముందు ఫొటోలు పట్టుకొని నిలబడ్డాయి. తమ్ముడు ఆ రోజంతా అక్కడే ఉన్నాడు. తనను ఆస్పత్రి దాకా మోసిన ఒడిశా మనిషి ముఖం కోసం వెతికాడని మాకు తర్వాత చెప్పాడు. దొరకలేదు. దొరకనందుకు అల్హమ్‌దులిల్లాహ్ అన్నాడు, వెంటనే అలా అన్నందుకు సిగ్గుపడ్డాడు.

ఆ రాత్రి వాడే చర్మం సంగతి చెప్పాడు. శరీరంలో సగం కాలినవానికి అతికించడానికి సొంత చర్మం మిగలదు. అటువంటప్పుడు మృతుల నుంచి తీసి గ్లిజరిన్‌లో భద్రపరచిన చర్మాన్ని గాయాల మీద కప్పుతారు. అది రెండు మూడు వారాలకు మించి నిలవదు. మెడవార్ చూసిన శత్రుత్వం అక్కడ పనిచేస్తూనే ఉంటుంది. కాని ఆ రెండు మూడు వారాలూ ఒంటిలోని నీరు ఇగిరిపోకుండా, చీము చేరకుండా ఆపుతుంది. ఆలోపు సొంత చర్మం కొంత తేరుకుంటుంది. రక్తపు గ్రూపు కలవనక్కరలేదు. తొడల నుంచి, వీపు నుంచి పైపొర మాత్రమే, కాగితమంత పలుచగా తీసి కట్టు కడతారు. మన ఉస్మానియా ఆస్పత్రిలో 2022లో అటువంటి చర్మ బ్యాంకు వెలిసింది. బ్యాంకు తెరిచారు సరే, అందులో వేసేవారు కావాలి కదా అన్నాడు తమ్ముడు.

కందిలో ముద్రించే కార్నియా సంగతీ అంతే. ముద్రణ అనగానే యంత్రం దానంతట అదే శూన్యం నుంచి తీసి ఇస్తుందనుకున్నాము. అందులో వాడే సిరా మనిషి కార్నియా నుంచే వస్తుంది. కణాలను తొలగించిన మానవ కార్నియా పదార్థాన్నీ, మానవ నేత్రాల నుంచి సేకరించిన మూలకణాలనూ కలిపి ఆ సిరా చేస్తారు. కృత్రిమ పదార్థం లేదు, జంతు సంబంధమైనదీ లేదు. కార్నియాల కొరత తీర్చడానికి, సరిహద్దున సైనికుని కన్ను కాపాడటానికి పుట్టిన ఆ విద్యకు కూడా మొదటి సిరాబుడ్డి ఎవరో చనిపోయిన మనిషి కన్నే.

ఈ మాటలన్నీ మామూ ముందే జరిగాయి. పాశమైలారం వెళ్లి వచ్చినప్పటి నుంచి ఆయన పెద్దగా మాట్లాడటం లేదు. ఆయనతో కలిసి పనిచేసిన ఒక స్నేహితుని మనుమడు కాలిన గాయాలతో ఆస్పత్రిలో ఉన్నాడు. "నా మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు" అని మాత్రం అన్నారు. "కాని ఈసారి అడ్డం నిలబడను. నా విషయంలో మాత్రం అడగకండి." తమ్ముడు తల ఊపాడు. అది మాకు న్యాయంగానే తోచింది.

అప్పటిదాకా వంటింటి గడప దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్న అమ్మీ తల ఎత్తింది.

"శుక్లం ఆపరేషన్ అయిన కన్ను తీసుకుంటారా?"

తీసుకుంటారని, లెన్సు లోపల ఉంటుందనీ కార్నియాకు దానితో పేచీ లేదనీ తమ్ముడు చెప్పాడు. బీపీ, షుగర్ ఉన్నా ఫరవాలేదన్నాడు.

"ఆరు గంటలు ఎప్పటి నుంచి లెక్క?"

"ప్రాణం పోయినప్పటి నుంచి, అమ్మీ."

"అయితే ముందే రాసిపెట్టండి. మీ చాచాలకూ ఫుప్పీకీ ఇప్పుడే చెప్పండి. ఆ రోజు నా తల దగ్గర వాదించుకోవద్దు." ఇంత చెప్పి మళ్లీ చేటలోకి వంగింది.

తమ్ముడు లేచి, నమాజు వేళల క్యాలెండర్ పక్కన గోడకు ఒక చీటీ అంటించాడు. నేత్ర నిధి ఫోన్ నంబరు దాని మీద రాశాడు. అక్షరాలు పెద్దవిగా రాశాడు, ఎడమ కంటితో కూడా చదవగలిగేటంత.